చెమట ఒక్కటే కొలమానమా?

2023లో జర్మనీలో సైకిళ్ల అమ్మకాల లెక్క తారుమారైంది. ఆ ఏడాది అక్కడ సుమారు 21 లక్షల ఎలక్ట్రిక్ సైకిళ్లు అమ్ముడుపోతే, మోటారు లేని సైకిళ్లు 19 లక్షల దగ్గర ఆగాయి. 1817లో కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రాల బండిని తొలిసారి రోడ్డెక్కించిన దేశమది. రెండు శతాబ్దాల తర్వాత అక్కడ కొనేవాళ్లలో సగానికి పైగా మోటారు సాయం కోరుకున్నారు. నెదర్లాండ్స్ ఈ మలుపును అంతకుముందే దాటింది. ఈ పెరుగుదల చూసి ముందుగా సంతోషించాల్సింది సైక్లిస్టులు. రోడ్డు మీద తమకూ చోటు కావాలని, ఊళ్లను కార్ల కోసమే కట్టుకోకూడదని దశాబ్దాలుగా అడుగుతున్నది వాళ్లే. అయినా ఎలక్ట్రిక్ సైకిల్ మీద ఘాటైన విమర్శ ఎక్కువగా వాళ్ల నుంచే వచ్చింది. ‘అది సైకిలే కాదు’, ‘అది మోసం’, ‘ఒళ్లు వంచలేని వాళ్ల బండి’ అన్న మాటలు ఐరోపాలో, అమెరికాలో ఏళ్ల తరబడి నలిగాయి. తెల్లవారుజామున గండిపేట దారిలోనో విశాఖ బీచ్ రోడ్డులోనో గుంపులుగా తొక్కే మన సైక్లిస్టులకూ అవి కొత్త కావు. ఈ అయిష్టంలో కొంత న్యాయం ఉంది, కొంత పొరపాటూ ఉంది. రెంటినీ విడదీసి చూడకపోతే నష్టపోయేది సైకిలేనని నా నమ్మకం. సైక్లిస్టులు చెమటకు కాపలా కాస్తున్నారు. వాళ్లు కాపాడవలసినవి రెండే: తొక్కే కాలు, మనిషికి తగిన వేగం.

ముందు ఆ బండి పనిచేసే తీరు చూద్దాం. 1993లో జపాన్‌లో యమహా సంస్థ ‘పాస్’ అనే సైకిల్‌ను అమ్మకానికి తెచ్చింది. ఇప్పటి ఎలక్ట్రిక్ సైకిళ్లకు అదే మూలం. కాలు పెడల్‌ను ఎంత బలంగా నొక్కుతోందో ఒక సెన్సర్ పసిగడుతుంది. ఆ బలానికి తగినంత సాయాన్ని మోటారు కలుపుతుంది. తొక్కడం ఆపితే మోటారూ ఆగుతుంది. వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గుతూ వచ్చి ఒక హద్దు దగ్గర పూర్తిగా నిలిచిపోతుంది. ఐరోపా దేశాల్లో ఆ హద్దు గంటకు 25 కిలోమీటర్లు, మోటారు సామర్థ్యం 250 వాట్లు. పెద్దగా అలవాటు లేని మనిషి గంటసేపు ఆగకుండా తొక్కితే అతని కాళ్లు ఇచ్చే శక్తి సుమారు 100 వాట్లు. టూర్ డి ఫ్రాన్స్‌లో గెలిచే స్థాయి వాళ్లు 400 వాట్ల దాకా ఇవ్వగలరు. కాబట్టి మోటారు తోడుగా ఉన్న సామాన్యుడు ఎత్తు ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో తొక్కేటప్పుడు కాసేపు గట్టి క్రీడాకారుడి బలం పొందుతాడు. పాతిక దాటిన క్షణం నుంచి మళ్లీ తన కాళ్లే దిక్కు. పైగా ఇరవై కిలోలు దాటిన బండిని లాగాలి. చదును రోడ్డు మీద ముప్పై వేగంతో పోయే రేసు సైక్లిస్టుకు ఈ బండి పోటీయే కాదు.

మరి ‘మోసం’ అన్న మాట ఎక్కడిది? అది పందెం నుంచి వచ్చింది. అక్కడ ఆ మాటకు పూర్తి అర్థం ఉంది. 2016లో బెల్జియంలోని జోల్డర్‌లో జరిగిన ప్రపంచ సైక్లోక్రాస్ పోటీల్లో ఫెమ్కె వాన్ డెన్ డ్రీషె అనే యువ క్రీడాకారిణి సైకిల్ గొట్టంలో దాచిన మోటారు బయటపడింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆమెను ఆరేళ్లు నిషేధించింది. ఆ శిక్ష న్యాయమైనదే. పోటీ అంటేనే ఎవరి ఒంట్లో ఎంత బలముందో తేల్చుకోవడం. దూరప్రయాణ సైక్లింగ్‌లోనూ అంతే. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ సవారీలో 1,200 కిలోమీటర్లను 90 గంటల్లోపు పూర్తి చేయాలి. నిర్వాహకుల నియమం ప్రకారం బండి ఎలాంటిదైనా దాన్ని మనిషి బలమే నడపాలి. ఆ సవారీకి అర్హత కోసం మన దగ్గర రాత్రింబవళ్లు 200, 300, 400, 600 కిలోమీటర్ల ‘బ్రెవే’ సవారీలు తొక్కేవాళ్లు ఆ నియమాన్ని గౌరవించడం సహజం. క్రీడారంగం చక్కటి పరిష్కారం కూడా వెతుక్కుంది. 2019 నుంచి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకులకు ప్రపంచ చాంపియన్‌షిప్ విడిగా జరుగుతోంది. సవారీలను నమోదు చేసుకునే స్ట్రావా యాప్‌లో ఈ-సైకిల్ సవారీలను వేరే విభాగంగా చూపుతారు. పందెంలో దాపరికం తప్పు, కలగాపులగం చేయడమూ తప్పు. అయితే ఆఫీసుకో కూరగాయల బజారుకో బయల్దేరిన మనిషి ఎవరితోనూ పందెం కాయలేదు. పోటీయే లేనిచోట మోసపోయేది ఎవరు?

సైకిల్ చరిత్రలో ఇలాంటి ధిక్కారం ఇదే మొదలు కాదు. ఒకప్పుడు ముందు చక్రం మనిషంత ఎత్తుండే సైకిల్ ఎక్కడమే మగతనానికి గుర్తుగా చూసేవారు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలతో, గొలుసుతో ‘రోవర్’ సైకిల్ తయారుచేశాడు. ధైర్యం లేనివాళ్ల బండిగా దాన్ని తీసిపారేసినవాళ్లున్నారు. ఇవాళ మన వీధిలో కనిపించే ప్రతి సైకిలూ దాని సంతానమే. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చినప్పుడు జనం నవ్వారు. మరుసటి ఏడాది బెల్‌ఫాస్ట్‌లో విల్లీ హ్యూమ్ ఆ టైర్లతో పందేలు గెలిచాక నవ్వు ఆగింది. గేర్ల కథ ఇంకా ఆసక్తికరమైనది. టూర్ డి ఫ్రాన్స్ స్థాపకుడు హెన్రీ దెగ్రాంజ్ గేర్లు మార్చుకోవడం నలభై అయిదేళ్లు దాటినవాళ్లకే తగునని 1902లోనే రాశాడు. సాంత్ ఎతియెన్‌కు చెందిన పాల్ ద వివీ అదే కాలంలో గేర్ల సైకిళ్ల కోసం పట్టుబట్టి ప్రయోగాలు చేశాడు. అయినా గొలుసును ఒక పళ్లచక్రం మీది నుంచి మరోదాని మీదికి జరిపే డీరైలర్ గేర్లకు ఆ మహా పోటీలో అనుమతి దొరకడానికి 1937 దాకా పట్టింది. ఇవాళ ఎలక్ట్రిక్ సైకిల్‌ను చిన్నచూపు చూసేవాళ్ల బండికి సాధారణంగా ఇరవై రెండు గేర్లుంటాయి. గేరు మనిషి బలాన్ని పెంచదు, మోటారు పెంచుతుంది, రెండూ ఒకటెలా అవుతాయని అడగవచ్చు. ఆ తేడా నిజమే, దాన్ని నేను దాటవేయను. కానీ దెగ్రాంజ్ అభ్యంతరమూ సరిగ్గా ఇప్పటిదే. కష్టం తగ్గితే విలువ తగ్గుతుందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకాన్ని కాలం నిలబెట్టలేదు. కష్టం తగ్గినప్పుడల్లా తొక్కేవాళ్లు పెరిగారు.

సైకిల్‌కు క్రీడతో పాటు మరో సంప్రదాయం కూడా ఉంది. జనం లెక్కన అదే పెద్దది. మన దేశంలో 2011 జనగణన నాటికి దాదాపు 45 శాతం కుటుంబాల్లో సైకిల్ ఉంది. వాళ్లలో పందేలకు వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. పాల క్యాన్లు రెండువైపులా తగిలించుకున్నవాడు, పేపరు వేసే కుర్రాడు, ఉత్తరాల సంచీతో పోస్ట్‌మ్యాన్, మేస్త్రీ పనికి పక్క ఊరికి వెళ్లే కూలీ — వీళ్లందరికీ సైకిల్ చోటు చేర్చే బండి. 1952లో రాజ్యసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారని తెలుగువాళ్లు ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. ఆ గౌరవం ఆయన నిరాడంబరతకు దక్కింది, కాలి కండలకు కాదు. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెట్టాక ఉన్నత పాఠశాలల్లో వాళ్ల నమోదు 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం ఉద్దేశమూ అదే. బడికి చేరిందా లేదా అన్నదే ఆ పిల్ల విషయంలో ప్రశ్న. దారిలో ఎంత చెమట కార్చిందని ఎవరూ అడగరు. సైకిల్‌ను చోటు చేర్చే బండిగా చూసేవారికి మోటారు సాయం ఆ పనినే మరికాస్త దూరం, మరికాస్త ఎత్తు, మరికొంతమందికి చేసిపెడుతుంది. క్రీడ కొలబద్దతో ప్రయాణాన్ని కొలవడం దగ్గరే సైక్లిస్టుల వాదం దారి తప్పింది.

‘మోటారు తోస్తుంటే వ్యాయామం ఎక్కడిది?’ అన్నది తరచుగా వినిపించే ఆక్షేపణ. దీనికి జవాబు ఊహతో చెప్పనక్కర్లేదు, కొలిచి చూశారు. ఆంట్‌వర్ప్, బార్సెలోనా, లండన్, రోమ్, వియన్నా, జ్యూరిక్, స్వీడన్‌లోని ఒరెబ్రో నగరాల్లో పది వేల మందికి పైగా జనాన్ని ప్రశ్నించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కేవాళ్ల వారం మొత్తం శారీరక శ్రమ మామూలు సైకిల్ తొక్కేవాళ్ల శ్రమకు ఏమాత్రం తగ్గలేదని తేలింది. కిలోమీటరుకు పడే కష్టం తక్కువే. కానీ వాళ్లు ఒక్కో ప్రయాణంలో దాదాపు రెట్టింపు దూరం వెళ్తున్నారు. ఒకరు సగటున 9 కిలోమీటర్లు దాటితే, రెండోవారు 5 కిలోమీటర్ల లోపే ఆగుతున్నారు. ఓస్లోలో ఈ-సైకిళ్లు కొన్నవాళ్లను గమనించిన మరో పరిశోధనలో రోజుకు సైకిల్ మీద తిరిగే దూరం సగటున 2.1 కిలోమీటర్ల నుంచి 9.2 కిలోమీటర్లకు పెరిగింది. మొత్తం ప్రయాణాల్లో సైకిల్ వాటా 17 శాతం నుంచి 49 శాతానికి చేరింది. ఈ అంకెలు చెప్పేది ఒకటే. షెడ్డులో దుమ్ము పట్టిన సైకిల్ ఎవరికీ వ్యాయామం ఇవ్వదు. రోజూ బయటికి తీసే బండి, సాయంతో నడిచినా, గుండెకూ కాళ్లకూ పని పెడుతుంది. బండిని కాకుండా అది నడిపేవాడి వారాన్ని కొలిస్తే ఈ ఆక్షేపణ నిలబడదు.

ఎవరు తొక్కుతున్నారన్నది కూడా చూడాలి. జపాన్‌లో ముందూ వెనకా పిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లే తల్లులు ఈ బండ్లకు పెద్ద ఆదరువు. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో మొదట్లో కొన్నది పెద్దవయసు వాళ్లు. మోకాలి నొప్పితో సైకిల్‌ను గోడకానించినవాళ్లు మళ్లీ రోడ్డెక్కారు. మన సంగతి తీసుకుంటే, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో, విశాఖ కొండవాలు కాలనీల్లో, నలభై డిగ్రీలు దాటిన మే నెల మధ్యాహ్నంలో సైకిల్ మీద పనికి వెళ్లడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? మన ఆఫీసుల్లో స్నానాల గదులుండవు. తడిసిన చొక్కాతో సమావేశంలో కూర్చోలేక సైకిల్ మానేసినవాళ్లు, మొదలే పెట్టనివాళ్లు ఎందరో. చీరకట్టులోనో చుడీదార్‌లోనో సంచులతో బజారు నుంచి తిరిగివచ్చే ఆడవాళ్లకు ఆ చివరి మిట్టే పెద్ద అడ్డంకి. బలమైన పాతికేళ్ల కుర్రాళ్లకే అందుబాటులో ఉండే రవాణా సాధనాన్ని నగరం మొత్తానికి పరిష్కారమని చెప్పడం కుదరదు. పి. ఎల్. జాకబ్సన్ 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కువున్న చోట్ల ఒక్కొక్కరికీ ఎదురయ్యే ప్రమాదం తగ్గుతుంది. డ్రైవర్ల కళ్లు అలవాటుపడతాయి, మునిసిపాలిటీ మీద ఒత్తిడి పెరుగుతుంది. మోటారు సాయంతో రోడ్డెక్కిన ప్రతి మనిషీ, మోటారు లేని సైక్లిస్టుకు కూడా రక్షణే.

ఇక సైక్లిస్టుల మాటల్లో నిజంగా బరువున్న అభ్యంతరానికి వస్తాను. అది వేగం గురించినది. సైకిల్ దారి మీద పదేళ్ల పిల్ల, డెబ్బయ్యేళ్ల పెద్దాయన, కుక్కను నడిపించుకు వెళ్లే మనిషి ఉంటారు. వాళ్ల పక్క నుంచి చప్పుడు లేకుండా నలభై వేగంతో బండి దూసుకుపోతే అది సైకిల్ దారి అనిపించుకోదు. వేగం 25 నుంచి 45కు పెరిగితే ఢీకొన్నప్పుడు తగిలే దెబ్బలోని శక్తి మూడు రెట్లకు మించుతుంది. బండి బరువు కూడా రెట్టింపైతే చెప్పనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో లావు టైర్ల ఫ్యాట్‌బైక్‌లు ఈ భయాన్ని నిజం చేశాయి. చట్టం ప్రకారం అమ్మిన బండిని ఫోన్ యాప్‌తోనో చిన్న మార్పుతోనో హద్దు దాటించి, పద్నాలుగేళ్ల పిల్లలు పెడల్ తొక్కకుండా నడపడం అక్కడి నగరాల్లో పెద్ద సమస్యగా మారింది. అదే దేశంలో 2022లో 291 మంది సైక్లిస్టులు ప్రమాదాల్లో చనిపోయారు. వాళ్లలో పెద్దవయసు వాళ్ల వాటా చాలా ఎక్కువ. బరువైన బండిని, అలవాటు లేని వేగాన్ని అదుపు చేయలేకపోవడం అందులో ఒక కారణం. ఈ విషయంలో ఎలక్ట్రిక్ సైకిల్ అభిమానులు తలతిప్పుకోవడం బాధ్యత అనిపించుకోదు.

అయితే ఈ అభ్యంతరం ఎక్కడ తాకుతోందో జాగ్రత్తగా చూడాలి. అది మోటారుకు తగలడం లేదు. వేగపు హద్దు దాటిన మోటారుకు, పెడల్‌ను అలంకారంగా మార్చిన మోటారుకు తగులుతోంది. ఐరోపా చట్టం ఈ గీతను స్పష్టంగా గీసింది. గంటకు 45 కిలోమీటర్ల దాకా సాయమిచ్చే బండిని అక్కడ మోపెడ్ కిందే లెక్కిస్తారు. నంబరు ప్లేటు, బీమా, హెల్మెట్ తప్పనిసరి. నెదర్లాండ్స్‌లో 2017 నుంచి వాటిని మోపెడ్లు నడిచే చోటే నడపాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు మూడు తరగతులుగా విడదీశాయి. తొక్కితేనే పనిచేస్తూ గంటకు 20 మైళ్ల దగ్గర ఆగేది మొదటిది, యాక్సిలరేటర్ తిప్పితే నడిచేది రెండోది, తొక్కితే 28 మైళ్ల దాకా సాయమిచ్చేది మూడోది. మోటారు పరిమితి 750 వాట్లు, ఐరోపాకు మూడు రెట్లు. రెండో తరగతి బండికి పెడళ్లు ఉన్నా తొక్కే అవసరం లేదు. అక్కడి పార్కు దారుల్లో, అడవి బాటల్లో గొడవలు ముదరడానికి హద్దు ఇలా వదులుగా ఉండడం ఒక ముఖ్య కారణమని నేననుకుంటాను.

పెడల్ అలంకారమైతే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. 1972లో పుణెకు చెందిన కైనెటిక్ సంస్థ లూనాను తెచ్చింది. దానికీ పెడళ్లుండేవి. బండిని స్టార్ట్ చేయడానికి, పెట్రోలు అయిపోతే ఇంటిదాకా ఈడ్చుకురావడానికి తప్ప వాటిని ఎవరూ తొక్కలేదు. 1980లో వచ్చిన టీవీఎస్ 50తో పాటు అది సైకిల్ కుటుంబం నుంచి మోటారు వాహనాల కుటుంబంలోకి వెళ్లిపోయింది. గుమాస్తాలకు, రైతులకు, చిరు వ్యాపారులకు ఆ బండ్లు గొప్ప సేవ చేశాయి, అందులో సందేహం లేదు. కానీ వాటిని సైకిళ్లని ఎవరూ అనలేదు. మన ప్రస్తుత నియమాల్లో చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే చాలు, అది మోటారు వాహనం కింద రాదు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెడల్ తొక్కితేనే పనిచేసే సైకిల్‌కూ, అసలు పెడలే లేని బుల్లి స్కూటర్‌కూ ఒకే మినహాయింపు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ లాంటి చోట ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న ప్రశ్నకు ఈ నియమం జవాబివ్వదు. సైక్లిస్టులు పోరాడాల్సిన గీత ఇది. తొక్కే మనిషికి తోడుపడే మోటారు లోపలికి రావాలి. తొక్కకుండా నడిచేది, పాతిక దాటేది రోడ్డు మీదే ఉండాలి.

బ్యాటరీ గురించి రెండు అభ్యంతరాలున్నాయి: నిప్పు, గని. నిప్పు సంగతి చాలా తీవ్రమైనది. న్యూయార్క్‌లో లిథియం బ్యాటరీల వల్ల 2023లో 268 అగ్నిప్రమాదాలు జరిగి 18 మంది చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో చైనాలోని నాన్‌జింగ్‌లో ఒక బహుళ అంతస్తుల భవనం కింద నిలిపిన ఎలక్ట్రిక్ బండ్ల దగ్గర మంటలు రేగి 15 మంది ప్రాణాలు పోయాయి. చవకబారు సెల్స్, సరిపోలని చార్జర్లు, రిపేరు పేరుతో ఇష్టమొచ్చినట్టు అతికించిన బ్యాటరీ ప్యాక్‌లు ఇలాంటి ప్రమాదాలకు ముఖ్య కారణాలు. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి భద్రతా పరీక్ష నెగ్గిన బండ్లనే అమ్మాలని చట్టం చేసింది. మరుసటి ఏడాది ప్రమాదాల సంఖ్య తగ్గకపోయినా మరణాలు 6కు తగ్గాయి. అంటే ఇది నియమాలతో అదుపు చేయగల ప్రమాదం. గనుల విషయంలో పరిమాణం చూడాలి. ఒక ఈ-సైకిల్ బ్యాటరీలో పట్టేది సుమారు అర యూనిట్ కరెంటు. మన మార్కెట్లోని చాలా బండ్లలో అంతకన్నా తక్కువే. ఒక మోస్తరు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో 50 యూనిట్లు పడుతుంది. ఆ ఒక్క కారుకు తవ్విన ఖనిజంతో దాదాపు వంద సైకిళ్లకు బ్యాటరీలొస్తాయి. మోటారు లేని సైకిల్‌తో పోలిస్తే ఈ-సైకిల్‌కు ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ అది రోడ్డు మీద స్కూటర్ స్థానాన్నో కారు స్థానాన్నో తీసుకున్నప్పుడు పోలిక వాటితోనే పెట్టాలి.

‘అది కార్ల స్థానాన్ని తీసుకోదు, సైకిళ్లనే మింగేస్తుంది’ అనేవాళ్లున్నారు. నెదర్లాండ్స్‌లో ఈ మాటకు ఆధారముంది. అప్పటికే అందరూ సైకిళ్ల మీద తిరుగుతున్న దేశంలో కొత్త బండి ముందుగా పాత సైకిల్‌నే పక్కకు నెడుతుంది. సైకిళ్లు తక్కువగా, కార్లు ఎక్కువగా ఉన్న చోట అది ప్రధానంగా కారు ప్రయాణాలను తగ్గిస్తుంది. ఒకే యంత్రం రెండు చోట్ల రెండు ఫలితాలివ్వడానికి కారణం ఆ చోట్లే. మన నగరాల్లో పని కోసం సైకిల్ తొక్కడం పేదవాళ్లకే మిగిలింది. చేతిలో కాస్త డబ్బు ఆడగానే మొదట కొనేది మోటార్‌సైకిల్. ఈ-సైకిల్ ఇక్కడ మొదట ఆకర్షించేది ఆ మోటార్‌సైకిల్ గడప మీద నిలబడ్డవాడినే. అతను ఇటువైపు తిరిగితే పెట్రోలు మిగులుతుంది, గాలి మిగులుతుంది, పార్కింగ్ జాగా మిగులుతుంది. అందుకే ఐరోపాలో పుట్టిన ఈ భయాన్ని అలాగే తెచ్చి మన వీధుల మీద రుద్దకూడదు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం రిపేరు గురించినది. సైకిల్ గొప్పతనం అందరికీ అర్థమయ్యే యంత్రం కావడంలో ఉంది. ఏ మారుమూల ఊళ్లోనైనా చెట్టు కింద పంక్చర్ షాపు ఉంటుంది. గొలుసు తెగితే అతికిస్తాడు, చక్రం వంకర పోతే ఊచలు బిగించి సరిచేస్తాడు, ఫ్రీవీల్ విప్పి నూనె వేస్తాడు. యాభై ఏళ్ల నాటి సైకిల్ కూడా ఇంకా నడుస్తుంది. ఎలక్ట్రిక్ సైకిల్ ఈ చనువును తీసేస్తుంది. కంట్రోలర్ పోతే కంపెనీకి పంపాలి. కొన్నేళ్లకు బ్యాటరీ నీరసిస్తే కొత్తదానికి బండి ధరలో పెద్ద భాగమే అవుతుంది. ఆ మోడల్ ఆపేస్తే బండి మూలన పడుతుంది. ఈ ఫిర్యాదును నేను సైక్లిస్టుల పక్షాన నిలబడి సమర్థిస్తాను. దీనికి మందు ఉంది, ఐరోపా ఆ దారి పట్టింది కూడా. 2023లో వచ్చిన అక్కడి బ్యాటరీ చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి బండ్ల బ్యాటరీలను కంపెనీతో సంబంధం లేని మెకానిక్ కూడా మార్చగలిగేలా తయారుచేయాలి. మన దగ్గరా అలాంటి నియమం కావాలి. ప్లగ్గులు, చార్జర్లు ఒకే కొలతకు రావాలి. వీధి మెకానిక్‌కు శిక్షణ కావాలి. సైకిల్ సంస్కృతిని నిజంగా ప్రేమించేవాళ్లు ఈ డిమాండు ముందు వరసలో నిలబడి అడగాలి.

ధర సంగతి కూడా ఇందులో భాగమే. మామూలు సైకిల్ ఐదారు వేల నుంచి దొరుకుతుంటే, నమ్మదగిన ఈ-సైకిల్‌కు పాతిక, ముప్పై వేలు పెట్టాలి. పాలవాడికి, వాచ్‌మన్‌కు అది నెలల జీతం. దిల్లీ ప్రభుత్వం 2022లో మొదటి పది వేల ఈ-సైకిళ్లకు ధరలో పాతిక శాతం, గరిష్ఠంగా 5,500 రూపాయలు రాయితీ ప్రకటించింది. ఎలక్ట్రిక్ కార్లకూ స్కూటర్లకూ పెట్టినంత శ్రద్ధ మిగతాచోట్ల ఈ చిన్న బండి మీద పెట్టలేదు. డబ్బున్నవాళ్ల ఆటవస్తువు అని దీన్ని తోసిపుచ్చడం తేలిక. కానీ క్రీడకు వాడే కార్బన్ సైకిళ్లు లక్షలు పలుకుతున్న చోట ఆ మాట ఒక్క ఈ-సైకిల్‌కే అంటగట్టడం న్యాయం కాదు. ధర దిగాలని అడగడం న్యాయం.

ఇంతవరకు వచ్చిన లెక్క ఇది. మోసం అన్న ఆరోపణ పందెం గీత దాటి బయటికి వస్తే నిలవదు. వ్యాయామం లేదన్న మాటను కొలతలు కొట్టివేశాయి. వేగం, నిప్పు, రిపేరు గురించిన భయాలు నిజమైనవి. వాటిలో ఏదీ మోటారును బహిష్కరించమని చెప్పదు, నియమాలు బిగించమనే చెబుతుంది. ఆ నియమాలు రాయించగలిగే అనుభవం ఎవరికుంది? రోడ్డు మీద సైకిల్ వేగం ఎలా ఉంటుందో, పక్క నుంచి బరువైన బండి దూసుకుపోతే ఎలా ఉంటుందో ఒంటికి తెలిసిన సైక్లిస్టులకే. వాళ్లు గేటు దగ్గర నిలబడి కొత్తవాళ్లను వెక్కిరిస్తూ కూర్చుంటే, ఆ నియమాలు బండ్లు అమ్ముకునేవాళ్ల చేతుల్లో తయారవుతాయి. పెడల్ లేని స్కూటర్లు సైకిల్ పేరుతో ట్రాకుల్లోకి వస్తాయి. అప్పుడు సైక్లిస్టులు దేన్ని కాపాడాలనుకున్నారో అదే పోతుంది.

కాబట్టి సైక్లింగ్ క్లబ్బులకూ, ప్రతి ఉదయం తొక్కే మిత్రులకూ నా విన్నపం ఇది. పోటీల్లో, బ్రెవేల్లో మీ నియమాన్ని అణువంత కూడా సడలించకండి. ఊరి రోడ్డు మీద మాత్రం ఎవరి బండి గొట్టంలో ఏముందో వెతకడం మానండి. పెడల్ తొక్కితేనే సాయమివ్వాలని, పాతిక దగ్గర ఆగాలని, బ్యాటరీ పరీక్ష నెగ్గాలని, వీధి మెకానిక్ చేతికి అందాలని మీ మునిసిపాలిటీనీ, రవాణా శాఖనూ అడగండి. మిట్ట ఎక్కుతూ మిమ్మల్ని దాటిపోయిన పెద్దావిడ కాళ్లు ఆడుతుంటే, బండి హద్దులో ఉంటే, ఆమె కూడా సైక్లిస్టే. ఆమెను మీ లెక్కలో కలుపుకోండి. మనకు కావలసిన దారులు వేయించుకోవడానికి ఆ లెక్క పెద్దది కావాలి.